ఊ కొట్టే బండి

గేరు వేసిన చప్పుడుకి యార్డంతా తలతిప్పి చూసింది. ఇనప పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కున్న చప్పుడు. షెడ్డు దగ్గర టైర్లలో గాలి పట్టేవాడు గొట్టం కింద పడేసి, "ఎవరిదో దవడ ఊడిపోయింది, ఎత్తి పక్కన పెట్టండి" అన్నాడు. నలుగురు నవ్వారు. సీట్లో ఉన్నవాడు నవ్వలేదు. సిగ్గుపడలేదు, కోపమూ తెచ్చుకోలేదు. రాడ్డు వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ అదే చప్పుడు.

యార్డులో అతన్ని నిమ్మళం అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఇన్నేళ్ళుగా రాళ్ళ లోడు తోలుతున్నా ఒక అద్దం పగలగొట్టుకున్నవాడు కాదు. వెనకనుంచి ఎవడెంత హారన్ కొట్టినా ఒక్క చెమట చుక్కన్నా కార్చినవాడు కాదు. భార్య పోయాక ఆ పేరు ఇంకా బాగా అతికింది. చలి మొదలైన రోజుల్లో పోయిందామె. ఇప్పుడు క్యాబిన్ తలుపు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఈ మధ్యకాలంలో అతను ఏడవగా చూసినవాళ్ళు లేరు. గుండె రాయి చేసుకున్నాడని కొందరన్నారు. చేసుకునేదేముంది, మొదటినుంచీ రాయేనని ఇంకొందరన్నారు. రెండు మాటలూ అతని చెవిన పడ్డాయి. ఏదీ లోపలికి దిగలేదు.

అతని పాత బండిని తుక్కు కింద అమ్మేశారు. ఆరు గేర్ల బండి. క్లచ్ అడుగంటా తొక్కి ఎటు తోస్తే అటు పడేది. పడకపోతే ఆశ్చర్యపోవాలి. దాని బదులు ఎక్కడో వాడి వదిలేసిన పెద్ద బండ్లు కొనుక్కొచ్చారు. వీటికి గేర్లు ఎనిమిది. రాడ్డుకి మాత్రం ఉన్నవి నాలుగే చోట్లు. నాలుగు గేర్లు అయ్యాక రాడ్డు మెడ దగ్గరున్న చిన్న స్విచ్చి పైకెత్తి, మళ్ళీ మొదటికొచ్చి తొయ్యాలి. ఒకటి ఉన్నచోటే అయిదు, రెండు ఉన్నచోటే ఆరు. ఒకే గదిలో రెండు కాపురాలు పెట్టినట్టుందని గాలి పట్టేవాడు అన్నాడు. అది కూడా పర్వాలేదు, అలవాటవుతుంది. అసలు సంగతి, ఈ గేర్లు సర్దుకుపోయే రకం కాదు. పాత బండిలో తప్పు వేసినా లోపల అవే ఒకదానికొకటి సర్దుకునేవి. ఇక్కడ ఇంజను వేగం, చక్రాల వేగం డ్రైవరే కలపాలి. కలపకపోతే ఊళ్ళోవాళ్ళందరికీ వినబడేలా తిడతాయి.

సూపర్‌వైజరు టోపీ చంకలో పెట్టుకుని వచ్చాడు. నిమ్మళం కంటే బాగా చిన్నవాడు. తలుపు దగ్గర నిలబడి పైకి చూస్తూ మాట్లాడాడు.

"పెద్దాయనా, వినండి. శనివారం పొద్దున ఫుల్ లోడు వేయిస్తాను. గనిలోంచి పైకెక్కి, అవతల దిగుడు దిగి, క్రషర్ దాకా ఎక్కడా ఆపకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే బండి మీదే."

"లేకపోతే?"

"లేకపోతే గేటు. గొలుసు ఎత్తడం, దించడం. కుర్చీ ఉంది, నీడ ఉంది, సాయంత్రం చీకటి పడకముందే ఇంటికెళ్ళొచ్చు. ఈ వయసులో మనిషికి ఇంకేం కావాలి చెప్పండి."

గేటు దగ్గర పనిచేసేవాడు రోజూ సాయంత్రం ఇంటికెళ్ళాలి. నిమ్మళానికి అక్కర్లేనిది అదే. ఇంట్లో ఆమె కళ్ళజోడు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. కిటికీ ఊచకి ఆమె తలపిన్నులు రెండు తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. స్నానాలగదిలో ఆమె తువ్వాలు ఆరిపోయి అట్టలా బిగుసుకుంది. ఏ గదిలోకి వెళ్ళినా ఒక మనిషి తక్కువ. క్యాబిన్ అలా కాదు. ఆమె ఒక్కసారి కూడా లారీ ఎక్కలేదు, డీజిల్ వాసనకి కడుపులో తిప్పుతుందని. అందుకని క్యాబిన్లో ఎవరూ తక్కువ కాలేదు. అక్కడ నిద్ర పడుతుంది. అక్కడ కూర్చుంటే ఏదీ దేన్నీ గుర్తుచెయ్యదు. ఆ సీటు పోతే అతనికి పడుకునే చోటు లేదు. అంతే సంగతి.

"నేర్పడానికి మాస్టారు ఉన్నాడు కదా" అన్నాడు సూపర్‌వైజరు. "ఈ బండ్లతోపాటే వచ్చాడు. మీకు బావమరిదేనట కదా. మంచిదేగా."

"నేనే నేర్చుకుంటాను."

"నేర్చుకుంటున్నది వింటున్నాం" అన్నాడు సూపర్‌వైజరు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో కూతురు కూడా ఆ మాటే అంది. మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం నిలబడి కాళ్ళు లాగుతాయని ఇంటికి రాగానే కుర్చీలో కూర్చుని కాళ్ళు బల్ల మీద పెడుతుంది. తల్లి ఉండగా అలా పెడితే ఊరుకునేది కాదు.

"మామయ్యని అడుగు నాన్నా."

"అడగను."

"ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటావు?"

అతను బట్టలు సంచిలో పెట్టుకుంటున్నాడు. ఎన్నాళ్ళో అతనికీ తెలీదు.

"సరే, అడక్కు" అంది కూతురు. "గేటు దగ్గర హాయిగా కుర్చీలో కూర్చో. రోజూ సాయంత్రం ఇంటికొస్తావు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గోడలు చూసుకుందాం. నాకూ తోడుంటుంది."

ఎక్కడ పొడవాలో తల్లి దగ్గర నేర్చుకుంది. అతను సంచి జిప్పు లాగి బయటికి నడిచాడు. మెట్ల దగ్గర ఆమె వెనకనుంచి, "ఛార్జర్ మర్చిపోయావు" అంది. వెనక్కొచ్చి తీసుకున్నాడు.

బావమరిది మీద అతనికున్న కోపం బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు అతను ఎక్కడో దూరాన కొండదారిలో ఉన్నాడు. వెనక నిండా లోడు. దిగుడు మొదలయ్యేచోట బండి పక్కకి తీసి టైర్లు తట్టి చూస్తుంటే ఫోన్ మోగింది. బావమరిది.

"ఎక్కడున్నావు బావా?"

"కొండ మీద. దిగబోతున్నాను."

"సరే. నిదానంగా దిగు. దిగాక తిను. తిని ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఏంటి విషయం?"

"ఏం లేదు. తిని చెయ్యి."

నిమ్మళం ఊ అన్నాడు. దిగాడు. లోడు దింపించాడు. రోడ్డు పక్క హోటల్లో కూర్చుని తిన్నాడు. ఆ పూట ఎందుకో ఆకలి బాగా వేసింది, మారు కూడా అడిగి పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఫోన్ చేశాడు. అప్పుడు చెప్పాడు బావమరిది. పొద్దున వాంతులని అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళాననీ, గుండె అన్నారనీ, మొదటిసారి ఫోన్ చేసేటప్పటికే అయిపోయిందనీ.

బండి మీద ఉన్నవాడికి చావు కబురు చెప్పరు. అది డ్రైవర్లందరికీ తెలిసిన పద్ధతి. నిమ్మళం కూడా ఒకప్పుడు ఇంకొకడికి అలాగే చెప్పకుండా దాచాడు, వాడు బండి దిగేదాకా పక్కనే కూర్చుని సినిమా కబుర్లు చెప్పాడు. చెప్పకపోవడం తప్పని అతను ఎప్పుడూ అనుకోలేదు. తినమనడం మాత్రం క్షమించలేదు. ఆమె బట్ట కప్పుకుని పడుకుని ఉంటే తను మారు అడిగి తిన్నాడు. ఆ ముద్దలన్నీ బావమరిది తన నోట్లో కుక్కినట్టే ఉంది అతనికి. ఆ తర్వాత ఇంటికొచ్చిన జనం ముందు కూడా అతనితో మాట్లాడలేదు. ఇప్పటిదాకా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు తనే బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు.

"నేర్పేది ఈయనే. మీ ఇంటి గొడవలు క్యాబిన్ బయట పెట్టుకోండి. క్యాబిన్ నాది" అన్నాడు.

బావమరిది ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. బండ మనిషి, మెడ లేదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. అక్క పోలిక ఒక్క గడ్డంలోనే. నిమ్మళం అటు చూడకుండా ఉండటానికి అది కూడా ఒక కారణం.

"బావా" అన్నాడు బావమరిది.

నిమ్మళం అద్దం సర్దుకున్నాడు.

"సరే. అయితే అద్దానికి చెబుతాను, నువ్వు పక్కనుంచి విను. అద్దం గారూ, ఈ బండి తోలేవాడు క్లచ్ అడుగంటా తొక్కుతున్నాడండీ. అది పాత కాలు చేసే పని. ఈ పెడల్ అడుగున ఇంకో చిన్న బ్రేకుంటుంది. లోపల గేర్లు తిరక్కుండా పట్టేస్తుంది. అది బండి నిలబడి ఉన్నప్పుడే తాకాలి. నడుస్తుంటే సగమే తొక్కాలి, సగం. విన్నారా అద్దం గారూ?"

నిమ్మళం బండి కదిలించాడు. మొదటి గేరు. రెండోది వెయ్యబోయాడు. కాలు తనంతట తనే నేల దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళు ఆ కాలికి తెలిసింది నేల ఒక్కటే. పళ్ళు కొరుక్కున్నాయి.

"కాలు నేల వెతుక్కుంటోంది" అన్నాడు బావమరిది. కిందికి దిగి వెళ్ళి, పాత టైరు ముక్కొకటి కోసి తెచ్చి, క్లచ్ పెడల్ కింద ఇరికించాడు. "ఇప్పుడు వెళ్ళమను చూద్దాం."

కాలు సగంలో ఆగింది. రబ్బరు మీద మెత్తగా.

"ఇప్పుడు రెండో సంగతి. క్లచ్ ఒకసారి తొక్కి రాడ్డు మధ్యలోకి లాగు. క్లచ్ వదిలెయ్. అక్కడే ఆగు. తొందరేం లేదు. రాడ్డు ఏ గేర్లోనూ లేదు. గాల్లో ఉన్నావు. ఇంజను గొంతు కిందికి దిగుతుంది, విను. దిగీ దిగీ ఒకచోట ఊ అంటుంది. కథ చెబుతుంటే పిల్లలు అంటారు చూడు, అలా. ఊ అన్నాక మళ్ళీ క్లచ్ తొక్కి వెయ్. అదే పడుతుంది. ఊ అనకముందు వేస్తే పళ్ళు రాలతాయి. అన్నాక ఆలస్యం చేసినా రాలతాయి. కథ చెప్పేవాడు ఊ కోసం ఆగాలి, అంతేగాని నిద్రపోకూడదు."

నిమ్మళం లాగాడు. వదిలాడు. విన్నాడు. ఇంజను అరుపు సన్నగిల్లింది. అతనికి ఊ వినబడలేదు. వట్టి ఇంజను వినబడింది. తోశాడు. కొరికింది.

"ముందేశావు."

మళ్ళీ.

"ఇప్పుడు నిద్రపోయావు."

మళ్ళీ. ఎండ నెత్తికెక్కేదాకా యార్డు చుట్టూ తిరిగారు. గాలి పట్టేవాడు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. తిరిగే కొద్దీ నిమ్మళానికి చేతులు నొప్పెట్టాయి, నొప్పి ఉన్నట్టు తెలిసింది గానీ అది ఎవరిదో అన్నట్టుంది. ఈ మధ్య అన్నీ అలాగే ఉంటున్నాయి. వేడి టీ నాలుక కాల్చినా, కాలిందని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

భోజనాలయ్యాక ఎక్కబోతుండగా బావమరిది, "గేరు పెంచేటప్పుడు ఊ కోసం ఆగటం. గేరు తగ్గించేటప్పుడు వేరు" అన్నాడు. "అప్పుడు ఇంజను దానంతటది పైకి రాదు. నువ్వే పిలవాలి. రాడ్డు మధ్యలోకి లాగి క్లచ్ వదిలేసి, కుడికాలితో యాక్సిలరేటరు మీద ఒక్కసారి పిలువు. గట్టిగా కాదు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. అది పలుకుతుంది. పలికాక వెయ్. పలక్కపోతే మళ్ళీ పిలువు. పలక్కుండా మాత్రం తొయ్యకు."

నిమ్మళం కుడికాలితో పిలిచాడు. ఇంజను ఒక్కసారి అరిచి ఊరుకుంది.

"కేకెయ్యమన్లేదు. పిలవమన్నాను."

అతనికి ఆ రోజు గుర్తొచ్చింది. కబురు తెలిశాక రాత్రంతా వేరేవాళ్ళ బండ్లలో పడి వచ్చి, వీధి మలుపు తిరిగి, మామూలుగా చేసే పనే చేశాడు. గుమ్మంలో నిలబడి, ఏమే, అన్నాడు. ముందు గదిలో కూర్చున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఒకావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు కూడా అతనికి ఏమీ అనిపించలేదు. చెప్పులు విప్పి, తిన్నగా లోపలికెళ్ళాడు.

కుడికాలితో పిలిచాడు. ఈసారి మెల్లగా. ఇంజను గొంతు లేచింది. రాడ్డు కిందికి నొక్కాడు. నూనె రాసిన తాళంలో చెవి తిరిగినట్టు లోపలికెళ్ళిపోయింది. చప్పుడే లేదు.

"చూశావా" అన్నాడు బావమరిది. అతని గొంతులో సంతోషం ఉంది. నిమ్మళం చూశాడు. అతనికి సంతోషం లేదు. చేతికి మాత్రం తెలిసింది. చేతికి తెలిస్తే చాలు, శనివారం పరీక్ష చేతికే.

ఆ వారమంతా అలాగే గడిచింది. ఖాళీ బండితో యార్డులో, తర్వాత సగం లోడుతో గని గట్టు మీద. బావమరిది అద్దంతో మాట్లాడటం మానలేదు. నిమ్మళం అతనితో మాట్లాడటం మొదలుపెట్టలేదు. ఒకసారి బావమరిది, "అద్దం గారూ, మా బావ ఇలా నోరు మూసుకుని ఉంటే మా అక్క ఏం చేసేదో తెలుసాండీ, తనే రెండువైపులా మాట్లాడేసేది. మీరు ఇలా అంటారు, నేనిలా అంటాను, అని" అన్నాడు. నిమ్మళం స్విచ్చి పైకెత్తి, మొదటి చోటికి వచ్చి, అయిదో గేరు వేశాడు. పడింది. ఆమె నిజంగానే అలా మాట్లాడేది.

శనివారం పొద్దున గనిలో బండిని రాళ్ళతో నింపారు. ఒక్కో బండ పడ్డప్పుడల్లా సీటు కుంగి లేచింది. సూపర్‌వైజరు పక్క సీట్లో కూర్చున్నాడు. బావమరిది వెనక పడుకునే బల్ల అంచున ముడుచుకుని కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరు నోరు విప్పకూడదు" అన్నాడు సూపర్‌వైజరు. వంగి పెడల్స్ వైపు చూశాడు. "ఇదేంటి?"

"టైరు ముక్క సార్" అన్నాడు బావమరిది. "కాలు ఆగటానికి."

"పెడల్ కింద ఏదీ ఉండకూడదు. తీసెయ్యండి."

బావమరిది నిమ్మళం వంక చూశాడు. నిమ్మళం వంగి ముక్క లాగి కిటికీలోంచి బయటికి విసిరాడు. ఎర్రమట్టిలో పడి దొర్లింది.

ఎక్కడం బాగానే ఎక్కాడు. గనిలోంచి దారి గుండ్రంగా తిరుగుతూ పైకొస్తుంది. లోడు వెనక్కి లాగుతుంటే బండి వేగం తగ్గుతోంది. నాలుగు నుంచి మూడు. పిలిచాడు, పలికింది, వేశాడు. మూడు నుంచి రెండు. పిలిచాడు, పలికింది. కాలు సగంలో ఆగడానికి లోపల్లోపల పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది. సూపర్‌వైజరు కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చున్నాడు.

గట్టు మీద చదునుగా ఉన్న దారి కొంచెం. అక్కడ మూడుకి, నాలుగుకి మార్చాడు. ఊ కోసం ఆగి మార్చాడు. చదును అయిపోతే దిగుడు. క్రషర్ దాకా ఒకే దిగుడు, నిట్టనిలువు. దిగకముందే గేరు తగ్గించి పట్టుకోవాలి. దిగుతూ మధ్యలో వెతుక్కుంటే ఇక దొరకదు. బండి వేగం చక్రాలని ముందుకు తోస్తుంటే ఎంత పిలిచినా ఇంజను అందుకోలేదు. బరువు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది.

అంచు కనబడింది. అతను రెండుకి తగ్గిద్దామని రాడ్డు లాగాడు. అంచు కనబడేసరికి కాలికి పాత బండిలో దిగిన వాలులన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. నేల దాకా వెళ్ళింది. లోపల ఆ చిన్న బ్రేకు పట్టేసింది. తోశాడు. కొరికింది. మళ్ళీ పిలిచాడు, గట్టిగా, కంగారుగా. ఇంజను అరిచింది. తోశాడు. కొరికింది. రాడ్డు చేతిలో వదులుగా ఊగుతోంది. బండి ఏ గేర్లోనూ లేదు. ముందు చక్రాలు వాలు వైపు తిరిగాయి.

సూపర్‌వైజరు, "వెయ్యండి, వెయ్యండి" అన్నాడు.

వెనకనుంచి బావమరిది ఊపిరి మాత్రం వినబడింది.

నిమ్మళం వెయ్యలేదు. రాడ్డు మీద చెయ్యి తీసేశాడు. బ్రేకు మీద బరువంతా పెట్టి తొక్కాడు. వెనక రాళ్ళు ఒక్కసారి ముందుకి దొర్లి తొట్టికి గుద్దుకున్నాయి. బండి మూలిగి, అంచు మీద, ముక్కు కిందికి వంచి ఆగిపోయింది. బ్రేకుల్లో గాలి బుస్సుమంది.

"ఆపారేంటి?" అన్నాడు సూపర్‌వైజరు. "ఆపకుండా దిగమన్నాను."

"గేరు దొరకలేదు సార్. దొరకనిదాన్ని వెతుక్కుంటూ దిగే దారి కాదిది."

బండి కదలకుండా నిలబడి ఉంది. ఇప్పుడు క్లచ్ అడుగంటా తొక్కాడు. ఆగినప్పుడు అడుగు దాకా తొక్కమన్నదే కదా. టైరు ముక్క ఉంటే కాలు అక్కడి దాకా వెళ్ళేది కాదు. లోపల గేర్లు నిలిచిపోయాయి. ఒకటి వేశాడు. నిశ్శబ్దంగా పడింది. రెండు కాదు, ఒకటి. నత్తలా దిగుదాం, దిగితే చాలు. బ్రేకు వదిలాడు. ఇంజను బరువుని పట్టుకుని గుర్రుమంటూ వాలులోకి నడిచింది.

సగం దారిలో డాష్‌బోర్డు మీద ఫోన్ మోగింది. తెర మీద కూతురి బొమ్మ. నిమ్మళం రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. వెనకనుంచి బావమరిది చెయ్యి ముందుకొచ్చి ఫోన్ తీసుకుంది.

"నేనమ్మా. మామయ్యని. నాన్న బండి మీదున్నాడు. దిగుతున్నాం." కాసేపు విన్నాడు. "సరే. దిగాక చేస్తాడులే."

ఫోన్ పెట్టేశాడు.

నిమ్మళం కళ్ళు దారి మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగి ఆ ముఖం చూడలేడు, దారి చూడాలి. చెవికి అందింది గొంతు ఒక్కటే. అది ఆ రోజు కొండ మీద విన్న గొంతే. అంతే నిదానం. అంతే మామూలు. అందులోంచి ఏమీ తెలీదు. కూతురికి ఏదో అయ్యిందో, ఏమీ కాలేదో, ఆ గొంతు చెప్పదు. చెప్పకుండా ఉండటానికే ఆ గొంతు అలా పెట్టుకున్నది. ఏమైందని అడగొచ్చు. అడిగితే ఏం లేదంటాడు. ఉన్నా లేకపోయినా ఏం లేదనే అంటాడు. తనైనా అంతే అనేవాడు.

కాలు కదల్లేదు. బండి ఒకటో గేర్లో గుర్రుమంటూ దిగింది. ఒక మలుపు, ఇంకో మలుపు. అతను ఏమీ తెలియకుండా, తెలియని సంగతిని పక్కన కూర్చోబెట్టుకుని, అడుగు దాకా దిగాడు. క్రషర్ ముందు వెనక్కి తిప్పి ఆపి, తొట్టి లేపాడు. రాళ్ళు జారిపోయాయి. దుమ్ము లేచింది. బండి తేలికపడి పైకి లేచింది.

సూపర్‌వైజరు దుమ్ముకి దగ్గుతూ కిందికి దిగాడు. అప్పుడు నిమ్మళం వెనక్కి తిరిగాడు.

"ఏమంది?"

చలికాలంలో ఆ ఫోన్ తర్వాత అతను బావమరిదితో అన్న మొదటి మాట అది.

"పాసయ్యాడా అని అడిగింది. ఇంకేముంటుంది?"

నిమ్మళం ముందుకు తిరిగాడు. స్టీరింగ్ మీద చెమట మరకలు రెండు, చేతులు పెట్టిన చోట. వాటిని చొక్కా అంచుతో తుడిచాడు.

"ఆ రోజు మారు అడిగి పెట్టించుకున్నాను" అన్నాడు.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు ఫోన్ చెయ్యడానికి పట్టిన టైము బట్టి అనుకున్నాను." బావమరిది గడ్డం గోక్కున్నాడు. "తిననీ అనుకున్నాను. తెలిశాక మళ్ళీ ఎప్పుడు తింటావో ఎవడికి తెలుసు. అక్కడనుంచి ఇల్లు ఒక రోజు దారి. నువ్వు రావాలి కదా. ఆసుపత్రి వరండాలో నిలబడి నాకు తోచింది అదొక్కటే. మంచిదో చెడ్డదో నాకు తెలీదు బావా."

నిమ్మళం విన్నాడు. తొట్టి దించాడు. బావమరిది కిటికీలోంచి ఉమ్మాడు.

కింద సూపర్‌వైజరు టోపీ దులుపుకుంటున్నాడు.

"పెద్దాయనా, మీరు ఆపారు. ఆపకూడదని చెప్పాను. దీన్ని పాసనాలో ఫెయిలనాలో నాకు అర్థం కావట్లేదు."

"సార్, నేను నోరు విప్పొచ్చా?" అన్నాడు బావమరిది.

"విప్పండి."

"ఆ అంచు మీద గేరు దొరక్కపోయినా ఆపనివాళ్ళ బండ్లు రెండు కింద లోయలో ఉన్నాయి. తుప్పు పట్టి పొదల్లో కనబడీ కనబడకుండా ఉంటాయి. చూపించమంటారా, నడిచి వెళ్ళొచ్చు."

సూపర్‌వైజరు లోయ వైపు చూశాడు. ఎండ వైపు చూశాడు. చూపించనక్కర్లేదని చెయ్యి ఊపాడు.

"సరే. బండి మీదే. కానీ కాలు కుదురుకునేదాకా మాస్టారు పక్కన ఉండాల్సిందే. ప్రతి ట్రిప్పూ. ఒంటరిగా పంపను."

అంటే క్యాబిన్లో ఇక ఒక మనిషి ఎక్కువ. నిమ్మళం దానిమీద కాసేపు ఆలోచించాడు. గేటు దగ్గర కుర్చీ గురించీ ఆలోచించాడు.

"ఫోన్ ఇటివ్వు" అన్నాడు బావమరిదితో.

కూతురికి చేశాడు. దిగాను, అన్నాడు. బండి ఇచ్చారు, అన్నాడు. అవతల ఆమె ఏదో అంది, కాసేపు అంది. తిన్నావా అని అడిగినట్టుంది. "ఇంకా లేదు" అన్నాడు.

సూపర్‌వైజరు క్రషర్ ఆఫీసులో ఆగిపోయాడు. వెనక్కి ఖాళీ బండి. ఇద్దరే. బావమరిది ముందు సీట్లోకి వచ్చి, కాళ్ళు చాపుకుని, దారి మొదలవ్వగానే ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు అక్క తనని సైకిల్ మీద ఎక్కించుకుని గుంటలో పడేసిందనీ, ఇంటికెళ్ళి వీడే తోశాడని చెప్పిందనీ, తనకి దెబ్బలు పడుతుంటే తలుపు చాటున నిలబడి చూసిందనీ. నిమ్మళానికి ఆ సంగతి తెలీదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"వింటున్నావా బావా?"

నిమ్మళం క్లచ్ సగం తొక్కాడు. రాడ్డు మధ్యలోకి లాగి వదిలేశాడు. ఆగాడు. ఇంజను మెల్లగా దిగి, దిగి, ఊ అంది.

బావమరిది మిగతాది చెప్పుకుంటూ పోయాడు. ఊ కొట్టే పని నిమ్మళం బండికి వదిలేశాడు.